అపెండిక్స్ రహిత జిల్లా

అయ్యా పెద్దమనుషులూ, మచ్చ ఆంజనేయులు కడుపులో చీము పట్టించింది మీరే. క్రిములు కాదు, వాటికంత తెలివి లేదు. మరమగ్గం దగ్గర పొద్దంతా నిలబడి బతికే మనిషి కడుపు పట్టుకొని ఆసుపత్రికి వస్తే, నీకు ఈ నొప్పి రావడానికి ఉత్తర్వుల్లో వీల్లేదని చెప్పి పడుకోబెట్టారు. పడుకోబెట్టి ఉత్సవం చేశారు. ఉత్సవంలో బుడగలు ఎగరేశారు. ఇప్పుడేమో మాకేం తెలియదన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. తెలియకపోతే వినండి, మొదటినుంచీ చెబుతాను.

మానేటిగడ్డ జిల్లా ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసే డాక్టరు ఇందుమతి. ఆ ఊళ్లో సగం మంది కడుపుల మీద ఆమె వేసిన కుట్లున్నాయి. సంతలో ఆమె కనబడితే జనం నమస్కారం పెట్టరు, చొక్కా ఎత్తి కుట్టు చూపిస్తారు. ఆమెకు మొహాలు గుర్తుండవు. కుట్టు చూసి పేరు చెబుతుంది. చేత్తో తడిమి, మనిషి మొహంలోకి చూసి, ఏం తిన్నావు, ఎప్పుడు మొదలైందని అడిగి, అప్పుడు కత్తి పట్టుకుంటుంది. మరీ పాతకాలపు పద్ధతి.

ఆ ఆసుపత్రికి ఒకనాడు పెట్టెల్లో కళ్లద్దాలు దిగాయి. అవి పెట్టుకొని రోగి కడుపు వైపు చూస్తే చర్మం మీద లోపలి బొమ్మ పడుతుంది. పేగులు, రక్తనాళాలు, కాలేయం, అన్నీ రంగుల్లో. ఎక్కడ కోయాలో చూపిస్తూ పచ్చటి గీత ఒకటి మెరుస్తుంది. ఇందుమతి వీటిని అంతకుముందే నగరంలో ఒక శిక్షణలో చూసింది. అక్కడ ముందు రోగికి స్కానింగ్ తీసి, ఆ రోగి బొమ్మనే ఆ రోగి మీద పరిచారు. కాలేయం లోపల దాక్కున్న గడ్డ చుట్టూ నాళాలు ఎటు పోతున్నాయో కళ్లెదుట కనబడేసరికి ఆమె నోరు తెరుచుకొని ఉండిపోయింది. నిజం చెప్పాలంటే, పెట్టెలు దిగిన రోజు ఆసుపత్రిలో అందరికంటే ఎక్కువ సంతోషపడింది ఆమే.

పెట్టెల వెంట ఒక ప్రత్యేకాధికారి కూడా దిగాడు. పేరు వైకుంఠరావు. డాక్టరు కాదు. అంతకుముందు చెరువుల పూడికతీత చూశాడు. లోతైన పనుల్లో అనుభవముందని కడుపుల మీదికి వేశారు.

మొదటి సమావేశంలోనే ఇందుమతి లేచి అడిగింది. "సార్, ఒక్కొక్క పేషెంటుకు ముందు స్కానింగ్ తీయాలె గదా. మన స్కానింగ్ మిషన్ ఇంకా డబ్బాలనే ఉంది. విప్పేటోళ్లు రాలేదు."

వైకుంఠరావు చిరునవ్వు నవ్వాడు. ఆయన మాట్లాడితే ప్రతి మాటా టైపు చేసుకొని వచ్చినట్టుంటుంది.

"డాక్టర్ గారూ, ప్రతి పౌరునికీ విడివిడిగా ఒక బొమ్మ కల్పించే స్థితిలో ప్రభుత్వం లేదు. రాజ్యాంగం ముందు మనుషులందరూ సమానులు. మనుషులు సమానులైనప్పుడు వారి లోపలి భాగములు కూడా సమానములే అయి ఉండవలెను. కావున ఒక ఆదర్శ దేహమును ఎంపిక చేసి, దానినే జిల్లా ప్రజలందరికీ వర్తింపజేయాలని నిర్ణయించడమైనది."

ఆసుపత్రి సూపరింటెండెంటు శేషగిరి తల ఊపాడు. ఆయన తల అధికారి వాక్యం పూర్తికాకముందే ఊగడం మొదలుపెడుతుంది, తర్వాతి వాక్యం దాకా ఆగదు.

"ఎవరి దేహం సార్?" అంది ఇందుమతి.

"దానికొక సంఘమును నియమించాము. మొదట ఆసుపత్రి వాచ్‌మన్‌ను పరిశీలించడం జరిగింది. దృఢమైన మనిషి. కానీ క్రింది స్థాయి ఉద్యోగి దేహాన్ని ఆదర్శంగా స్వీకరిస్తే, పై స్థాయి అధికారుల దేహాలు దానికి లోబడి ఉండవలసి వస్తుంది. అది సర్వీసు నిబంధనలకు విరుద్ధము. చివరకు హోదా రీత్యా పరిశీలించగా, సంఘంలో నా దేహమే అన్నింటికంటే పైన ఉన్నట్లు తేలింది. బాధ్యతగా స్వీకరించాను."

శేషగిరి చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్లు కూడా కొట్టారు, చేతులు ఊరికే ఉన్నాయి కాబట్టి.

అలా మానేటిగడ్డ జిల్లాలో పుట్టిన ప్రతి మనిషికీ వైకుంఠరావు పేగులు వచ్చాయి. బీడీ కార్మికురాలి కడుపు మీదా వైకుంఠరావే, బస్సు డ్రైవరు కడుపు మీదా వైకుంఠరావే. ఆయన ఎడమ కిడ్నీలో చిన్న రాయి ఒకటి ఉంది. దాంతో జిల్లాలో అందరికీ ఎడమ కిడ్నీలో రాయి కనబడసాగింది. కాలిపుండుకు కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాడికి కూడా, దారిలో ఒకసారి అద్దాల చూపు పడితే, రాయి ఉందని చెప్పి పంపారు. ఆదర్శ దేహంలో గర్భసంచి లేదు. ఆ విషయం ప్రసూతి డాక్టరమ్మ రాసి పంపితే, గర్భసంచిని రెండో విడతలో చేర్చే ప్రతిపాదన పరిశీలనలో ఉందనీ, అంతవరకు మహిళలు సహకరించాలనీ జవాబు వచ్చింది.

తర్వాత అసలు ఉత్తర్వు వచ్చింది. పచ్చగీత పడనిదే ఏ డాక్టరూ కత్తి పెట్టరాదు. గీత దాటితే సంజాయిషీ ఇవ్వాలి. అంతటితో ఆగక, ఆపరేషన్ బల్ల మీద ఉండే పెద్ద దీపానికీ కళ్లద్దాలకూ వైకుంఠరావు కంట్రోల్ రూము నుంచి ముడిపెట్టారు. గీత పడితేనే దీపం వెలుగుతుంది. డాక్టర్లకు గీత పాటింపులో మార్కులు కూడా పెట్టారు. రోగి ఏమయ్యాడన్న దానికి మార్కుల్లేవు, అది డాక్టరు చేతిలో లేని విషయమట.

ఇందుమతికి అందరికంటే తక్కువ మార్కులు వచ్చాయి.

సరే, ఇదంతా నవ్వుకొని ఊరుకోవచ్చు. డాక్టర్లు ఊరుకున్నారు కూడా. దీపం వెలగడానికి గీత పడేదాకా అద్దాలు పెట్టుకోవడం, వెలగగానే అద్దాలు నుదుటి మీదికి తోసి తమ కళ్లతో చూసి కోసుకోవడం అలవాటు చేసుకున్నారు. ఇందుమతీ అంతే చేసింది. తప్పు చేశామని ఆమె తర్వాత అంది. ఆ రోజే అందరం కలిసి అద్దాలు బల్ల మీద పెట్టి బయటికి వచ్చి ఉంటే కథ అక్కడితో ఆగేదని అంది. ఆ మాట నిజమే.

ఒకరోజు ఆమె బొమ్మను కాస్త తీరిగ్గా చూసింది. పెద్దపేగు మొదట్లో, కుడివైపు, అందరికీ తోకలా వేలాడే చిన్న ముక్క ఒకటుంటుంది. అపెండిక్స్. అది వాచి నొప్పి లేస్తే జనం ఇరవై నాలుగ్గంటల నొప్పి అంటారు. బొమ్మలో ఆ తోక లేదు. పేగు నున్నగా ముగిసిపోయింది.

వైకుంఠరావును అడిగితే ఆయన గర్వంగా ఒప్పుకున్నాడు. "కాలేజీ రోజుల్లోనే తీయించుకున్నాను. అనవసరమైన భాగము. ఆదర్శ దేహములో అనవసరములు ఉండరాదు గదా."

"సార్, మీకు లేదు. జనానికున్నది."

"జనానికి ఉన్నట్లు మీ వద్ద ఆధారం?"

"నేనే ఎన్నో తీసిన."

"అవి పూర్వపు సంగతులు. అద్దాలు వచ్చిన తరువాత జిల్లాలో ఒక్క అపెండిక్స్ కూడా నమోదు కాలేదు. గమనించారా?"

నమోదు ఎలా అవుతుంది. గీత పడదు, గీత పడకపోతే దీపం వెలగదు, దీపం వెలగకపోతే ఆపరేషన్ లేదు. ఆ నొప్పితో వచ్చినవాళ్లను డాక్టర్లు చీటీ రాసి ఏటి అవతలి పక్క జిల్లాకు పంపుతున్నారు. కానీ వైకుంఠరావు మెదడులో ఆ మాట ఒకటి పురుగులా దూరింది. నమోదు కాలేదు అంటే లేదు. లేదు అంటే పోయింది. పోయింది అంటే ఎవరో పోగొట్టారు. ఎవరు పోగొట్టారు?

అలా మానేటిగడ్డ దేశానికే తొలి అపెండిక్స్ రహిత జిల్లాగా ప్రకటన కావడానికి ముహూర్తం కుదిరింది.

* * *

సరిగ్గా ఆ ప్రకటన ఉత్సవం రోజు పొద్దున్నే మచ్చ ఆంజనేయులును ఆటోలో తీసుకొచ్చింది అతని భార్య భాగ్యవ్వ. బీడీలు చుట్టే మనిషి. వేళ్లు ఎంత చురుకో నోరు అంత చురుకు. ఆంజనేయులు రెండు మోకాళ్లూ కడుపులోకి ముడుచుకొని ఆటో సీటు మీద పక్కకు పడుకున్నాడు.

"బొడ్డుకాడ లేసింది మేడం, గిప్పుడు కుడిదిక్కు దిగింది," అంది భాగ్యవ్వ. "నీళ్లు తాగినా కక్కుతాండు. మగ్గం ఆగితే సేటు ఊకోడని నిన్న గూడ పనికి వోయిండు. పోవద్దంటె ఇంటడా?"

"సేటుకు చెప్పు, రేపొస్తనని," అన్నాడు ఆంజనేయులు పళ్లు బిగించి.

"నువ్వు రేపటిదాంక ఉంటె చెప్త తీయ్."

ఇందుమతి అతని కడుపు కుడివైపు మెల్లగా నొక్కి, ఒక్కసారిగా చెయ్యి తీసింది. ఆంజనేయులు బల్ల మీంచి లేచినంత పని చేశాడు. ఒళ్లు కాలిపోతోంది.

"భాగ్యవ్వా, ఇది ఇరవై నాలుగ్గంటల నొప్పి. పగిలేటట్టుంది. ఇప్పుడే కోసి తీయాలె."

"తియ్యిర్రి మరి. ఎవలొద్దన్నరు?"

ఇందుమతి ఏం చెబుతుంది? నీ మొగుడి కడుపులో ఉన్నది నీ మొగుడి కడుపు కాదని చెప్పాలా? పక్క జిల్లాకు పంపడానికి ఆలోచించింది. ఏటి మీది వంతెనకు మరమ్మతు, చుట్టు తిరిగి పోవాలి. ఆ గుంతల రోడ్డు మీద ఈ కడుపు పగలకుండా పోదు.

థియేటర్లోకి తీసుకెళ్లారు. సిస్టర్ ఎస్తేరు కత్తులూ కత్తెరలూ సర్దింది. మత్తు డాక్టరు ఫయాజ్ సూది చేత్తో పట్టుకొని నిలబడ్డాడు. ఇందుమతి కళ్లద్దాలు పెట్టుకుంది.

ముందు సన్నాయి మోగింది. అది ప్రతిసారీ మోగుతుంది. తర్వాత ఆంజనేయులు బొడ్డు మీద వైకుంఠరావు మొహం ప్రత్యక్షమై, ఈ మహత్తర పథకానికి స్వాగతం అంటూ మొదలుపెట్టింది. దాన్ని ఆపే వీలు లేదు. మొహం తన మాటలు ముగించేదాకా ఆంజనేయులు మూలుగుతూనే ఉన్నాడు. తర్వాత పేగులు పడ్డాయి. కుడివైపు నున్నగా ఉంది. గీత పడలేదు. దీపం వెలగలేదు. కడుపు మీద ఎర్రటి అక్షరాలు తేలాయి.

మీరు వెతుకుతున్న అవయవం ఈ జిల్లాలో అందుబాటులో లేదు. దయచేసి మరొక అవయవాన్ని ఎంచుకోండి.

ఎడమవైపు, కిడ్నీ మీద, పచ్చగీత మిలమిలా మెరుస్తోంది.

"ఏమంటుంది మేడం?" అన్నాడు ఫయాజ్.

"వేరే అవయవం కోసుకొమ్మంటుంది."

"పెద్ద మనసే. నా ఫోన్ల టార్చి ఉంది మేడం. అది గీత అడగదు."

"ఆ వెలుగుల కడుపు కోయలేను ఫయాజ్. ఆగు, అడిగొస్త."

* * *

ఆసుపత్రి ఆవరణంతా షామియానా వేశారు. నర్సింగ్ విద్యార్థినులు ఎండలో అట్టలు పట్టుకొని వరసగా నిలబడ్డారు. అట్టల మీద అపెండిక్స్ బొమ్మ, దాని మీద ఎర్రటి అడ్డగీత. వాళ్ల పాఠ్యపుస్తకంలో ఆ పాఠం ఇంకా ఉంది. పరీక్షలో వస్తే ఏం రాయాలని ఒక పిల్ల మెల్లగా అడిగితే, ఈ జిల్లాలో రాస్తున్నావో పక్క జిల్లాలో రాస్తున్నావో చూసుకొని రాయమన్నారు.

ఇందుమతి థియేటర్ బట్టల్లోనే వేదిక దగ్గరికి నడిచింది. వైకుంఠరావు దండ వేయించుకుంటున్నాడు. పక్కన శేషగిరి తల ఊగుతోంది.

"సార్, లోపల ఒక అపెండిక్స్ కేసుంది. పగిలేటట్టుంది. దీపం వెలిగించమని మీ కంట్రోల్ రూముకు ఒక్క మాట చెప్పండి."

వైకుంఠరావు మొహంలో నవ్వు పోయి, మెడలో దండ ఒక్కటే నవ్వుతూ మిగిలింది. "మీరు ఏ పదం వాడారు?"

"అపెండిక్స్."

"ఇవాళా? ఇక్కడా?" ఆయన గొంతు తగ్గించాడు. "డాక్టర్ గారూ, నొప్పి అనేది రోగి యొక్క అభిప్రాయము. చిత్రము అనేది ప్రభుత్వము యొక్క ఆధారము. అభిప్రాయానికీ ఆధారానికీ వ్యత్యాసం వచ్చినప్పుడు దేనిని అనుసరించవలెనో మీవంటి విద్యావంతులకు చెప్పనక్కరలేదు."

"చెయ్యి పెట్టి చూసిన సార్. జ్వరముంది. నిమిషాలు లెక్క."

"చిత్రంలో గీత ఎక్కడ పడింది?"

"ఎడమ కిడ్నీ మీద."

"అయితే సమస్య ఏమున్నది? రాయిని తీయండి."

"ఆయనకు రాయి లేదు."

"వెతకండి. వెతికితే లభిస్తుంది. నాకు లభించింది."

శేషగిరి ఆమెను పక్కకు లాగాడు. "ఇందుమతీ, నువ్వు ఊకె ఎందుకమ్మా ఇట్ల? గ్యాస్ అని రాయి. గ్యాస్ అందరికీ ఉంటది, ఆదర్శ దేహంల కూడ ఉంది. సెలైన్ పెట్టి పండవెట్టు. సాయంత్రం మీటింగ్ అయినంక నేనే మాట్లాడుత."

"సాయంత్రందాక ఆ మనిషి ఉంటడా సార్? మీరు గూడ డాక్టరే గదా. ఒక్కసారి వచ్చి మీ చెయ్యి పెట్టి చూడుర్రి."

శేషగిరి తల ఊగడం ఆగింది. ఆసుపత్రిలో అది ఆగడం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఒక క్షణం ఆయన కళ్లు కిటికీ వైపు తిరిగాయి, ఆంజనేయులు మూలుగు వినబడుతున్న వైపు. తర్వాత మైకులో ఎవరో ఆయన పేరు పిలిచారు. తల మళ్లీ ఊగింది.

ఇందుమతి వెనక్కి వచ్చింది. థియేటర్ బయట భాగ్యవ్వ గోడకు ఆనుకొని నిలబడి ఉంది.

"ఏమన్నరు మేడం?"

"నీ మొగనికి నొప్పి లేదన్నరు."

భాగ్యవ్వ కొంగు నడుముకు బిగించింది. "గట్లనా. మరి గీ ఒర్లుడు ఎవనిదట? పక్కింటోనిదా?"

ఇందుమతి ఆమె వైపు చూసింది. తర్వాత నడవా చివర పాత డ్రెస్సింగ్ గది వైపు చూసింది. పుండ్లకు కట్లు కట్టే గది. దక్షిణం వైపు పెద్ద కిటికీ. లోపల ఒక ఇనుప బల్ల. ఆ గదికి కళ్లద్దాలు కేటాయించలేదు, దాన్ని ఎవరూ గది కింద లెక్కపెట్టలేదు కాబట్టి.

"ఎస్తేరమ్మా, ఆ గది కడుగు. పరికరాలన్నీ అటు తే. ఫయాజ్, మనిషిని అటు తిప్పు."

"కిటికీ తెరువాల్నా మేడం?"

"అద్దం మూసి పరదా తీసెయ్యి. ఎండ చాలు."

ఎండ చాలింది. ఆంజనేయులుకు నడుము దగ్గర మత్తు సూది పడింది. బయట వేదిక మీద వైకుంఠరావు మన జిల్లా గర్భం నుండి అపెండిక్స్‌ను సమూలంగా పెకిలించాము అంటున్నాడు. లోపల ఇందుమతి తడుముతూ, చూస్తూ, ఉబ్బి నల్లబడిన ఆ తోకను వేళ్లతో మెల్లగా పైకి తీసింది. కొస దగ్గర చీము తెల్లగా చిమ్మడానికి సిద్ధంగా ఉంది. బుడగలు ఎగరేశారు. ఒక బుడగ తాడు తెగి డ్రెస్సింగ్ గది కిటికీకి తగిలి పగిలింది. ఎస్తేరు ఉలిక్కిపడింది.

"అదేనేమో అనుకున్న మేడం."

"ఇది పగలలేదు," అంది ఇందుమతి. "పగలనియ్యలేదు."

కుట్లు వేయడానికి సూది అందుకుంది.

* * *

ఆంజనేయులు బతికాడు. వార్డుకు మార్చిన వెంటనే సేటు సంగతి అడిగాడు, భాగ్యవ్వ తిట్టింది. అక్కడితో అయిపోవలసిన కథ ఇది. మామూలు దేశంలో అయితే అయిపోయేదే.

తీసిన ముక్కను ఇందుమతి సీసాలో వేసి, మందునీళ్లు పోసి, మర్నాడు పొద్దున్నే నేరుగా తీసుకెళ్లి వైకుంఠరావు బల్ల మీద పెట్టింది.

"ఇదేమిటి?"

"మీ జిల్లాల లేనిది."

వైకుంఠరావు సీసాను ఎత్తి వెలుగులో తిప్పి చూశాడు. ఎవరైనా అయితే తప్పు ఒప్పుకోవలసిన చోటు అది. ఆయన ఎవరైనా కాదు. ఆయన మొహం నెమ్మదిగా వెలిగింది.

"ఎక్కడి నుండి తెచ్చారు దీనిని?"

"ఆంజనేయులు కడుపులకెళ్లి."

"అది తరువాతి ప్రశ్న. అతని కడుపులోనికి ఎక్కడి నుండి వచ్చింది? మన జిల్లా అపెండిక్స్ రహితము. ఇది నిన్ననే ధ్రువీకరించబడింది. కావున ఇది స్థానికమైనది కాజాలదు. అనగా బయటి జిల్లా నుండి ప్రవేశించినది. అనగా," ఆయన కుర్చీలోంచి లేచాడు, "అక్రమ రవాణా."

శేషగిరి తల ఊపాడు. మరీ పెద్దగా ఊపాడు.

వారం తిరక్కుండా జిల్లా సరిహద్దుల్లో తనిఖీ కేంద్రాలు వెలిశాయి. కర్ర అడ్డం పెట్టి బస్సులాపి, మనుషుల్ని దింపి, చొక్కా ఎత్తమనేవారు. కుడివైపు కుట్టున్నవాళ్లను పోనిచ్చేవారు. కుట్టు లేనివాళ్లు, అనగా అపెండిక్స్ ఉన్నవాళ్లు, జిల్లాలో ఉన్నంతసేపు దాన్ని వినియోగించబోమని హామీ ఇచ్చి కదలాలి. డ్రెస్సింగ్ గదిని నేరం జరిగిన స్థలమన్నారు. లోపలి కత్తులు, కత్తెరలు, బల్లతో సహా తాళం వేసి లక్క ముద్ర కొట్టారు. తాళంచెవి వైకుంఠరావు జేబులోకి పోయింది. ఇందుమతిని సస్పెండ్ చేశారు. మిగతా డాక్టర్లు ఎముకలకో కాన్పులకో కత్తి పడతారు గాని, పేగుల జోలికి పోవడం తెలిసిన మనిషి ఆసుపత్రిలో ఆమె ఒక్కతే. అది వాళ్లకు తెలుసు.

తర్వాత విచారణ పెట్టారు. అదే ఆసుపత్రి సమావేశ మందిరంలో. ఆంజనేయులును, భాగ్యవ్వను సాక్షులుగా పిలిచారు. ఇందుమతి ఒక పక్క స్టూలు మీద కూర్చుంది.

"మచ్చ ఆంజనేయులూ," అన్నాడు వైకుంఠరావు, "నీ ఉదరములో సదరు వస్తువును ఎవరు ఉంచినారు?"

ఆంజనేయులు భార్య వైపు చూశాడు. "పుట్టుకతోనే ఉన్నదేమో సారు. నేను సూడలే."

"చూడలేదు. అనగా ఉన్నట్లు నీకు తెలియదు. ఇది నమోదు చేయండి."

"మా మామను అడుగుర్రి," అంది భాగ్యవ్వ. "ఆయన చేసిన సామానే ఇది. ఎక్కడ ఏం వెట్టిండో ఆయనకు ఎరుక."

వెనక ఎవరో నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు.

"అమ్మా, నీ భర్తకు నొప్పి లేదని ఒక వాక్యంలో చెబితే ఈ విషయం ఇంతటితో ముగుస్తుంది. డాక్టరు గారిని కూడా హెచ్చరికతో విడిచిపెట్టగలము."

భాగ్యవ్వ ఇందుమతి వైపు చూసింది. ఉద్యోగం పోతే ఏం చేయాలో ఇందుమతికి తెలియదు. భాగ్యవ్వ ఆ వాక్యం చెబితే వద్దనేంత ధైర్యం ఆ క్షణంలో ఆమెకు ఉందో లేదో కూడా తెలియదు.

"నేను అట్ల చెప్తే," అంది భాగ్యవ్వ మెల్లగా, "రేపు ఇంకొకడొస్తే మేడంను కొయ్యనిస్తరా?"

"ఇంకొకడు రాడు. ఇది రహిత జిల్లా."

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఇద్దరు మనుషులు ఒక హోంగార్డును చెరో రెక్క పట్టుకొని మోసుకొచ్చి బయట బెంచీ మీద పడుకోబెట్టారు. పేరు రాజలింగు. పశ్చిమ సరిహద్దు తనిఖీ కేంద్రంలో బస్సులాపి జనం చొక్కాలెత్తించే డ్యూటీ అతనిదే. ఇప్పుడు అతని చొక్కా చెమటతో తడిసింది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకున్నాయి. చెయ్యి కుడివైపు గట్టిగా అదిమిపెట్టి ఉంది.

ఇందుమతి స్టూలు మీంచి ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. అతని పక్కన మోకాళ్ల మీద కూర్చొని కడుపు తడిమింది.

"ఎప్పటిసంది?"

"రాత్రి సంది మేడం." రాజలింగు కళ్లు తలుపులోంచి వైకుంఠరావు వైపు భయంగా తిరిగాయి. "సారూ, నేను తప్పు చెయ్యలే. నేను పుట్టింది ఏటవతల మా అమ్మమ్మోళ్లింట్ల. ఇది ఆ జిల్లాదే సారూ. డ్యూటీకొచ్చేటప్పుడు తెలువక తెచ్చుకున్న."

గదిలో కలకలం రేగింది. అది చాలా మంచి చట్టపరమైన ప్రశ్న అన్నాడు వైకుంఠరావు. అవయవము జన్మస్థలమునకు చెందునా, నివాసస్థలమునకు చెందునా? జన్మస్థలానికి చెందితే మన గణాంకాలకు భంగం లేదు, మనిషిని సరిహద్దు దాటించి స్వస్థలమునకు అప్పగించవచ్చును. సంఘంలో ఒకాయన నివాసమే ప్రమాణమన్నాడు. ఇంకొకాయన ఉపసంఘం వేయాలన్నాడు. శేషగిరి తల రెండు వైపులా ఊగలేక మధ్యలో ఆగిపోయింది.

"పగలబోతుంది," అంది ఇందుమతి. "సార్, ఆ గది తాళం తీయండి. పరికరాలన్నీ అండ్లనే ఉన్నయి. తర్వాత నన్ను ఏం చేసినా చేసుకోండి."

"ప్రశ్న పరిష్కారం కానిదే తాళం తీయరాదు."

భాగ్యవ్వ సాక్షి బల్ల దగ్గర్నుంచి నడిచి వచ్చింది. వైకుంఠరావు కుర్చీ ముందు నిలబడింది. బీడీలు చుట్టి చుట్టి కొసలు నల్లబడిన వేళ్లు. ఆ చెయ్యి ఆయన ముక్కు కింద చాచింది.

"నా మొగనికి నొప్పి ఉండె," అంది. "రాసుకో. పెద్దగ రాసుకో. రాసుకుంట తాళంచెయ్యి ఇయ్యి."

వైకుంఠరావు చెయ్యి జేబు మీదికి పోయింది. తీయడానికి కాదు, మూయడానికి.

అయ్యా పెద్దమనుషులూ, ఆమె చెయ్యి ఇంకా చాచే ఉంది. గీత లేనిదే కోయరాదన్న ఆ ఉత్తర్వు చింపెయ్యండి. డబ్బాలో మగ్గుతున్న స్కానింగ్ మిషన్ విప్పి, ఎవరి కడుపు మీద వాళ్ల బొమ్మ పరవండి, అద్దాల తప్పేం లేదు. ఇందుమతిని పనిలోకి పిలవండి, పిలిచేటప్పుడు తల దించుకోండి. సరిహద్దుల్లో కర్రలు పీకెయ్యండి. ఇవన్నీ చేసి తీరాలి, చేసేదాకా మేం మీ గేటు ముందు నుంచి కదలం. కానీ వాటికి ఇంకాస్త టైముంది. రాజలింగుకు లేదు. బెంచీ మీంచి కిందికి జారుతున్నాడు.

ముందు ఆ తాళంచెవి ఇవ్వండి.